మొదట రాయని పేరు

ఆ శనివారం పాట మధ్యలో నాకు ఊపిరి చాలలేదు. ఏదో తేడాగా ఉందని తెలిసిన మొదటి రోజు అదే.

అమెరికాలోని బాతెల్‌లో మా ఇంటి ఫ్యామిలీ రూమ్‌లో ప్రతి శనివారం సాయంత్రం మా తెలుగు చర్చి క్వయర్ ప్రాక్టీస్ జరిగేది. క్రిస్మస్ పాటలు సెప్టెంబర్ చివర్లోనే మొదలుపెడతాం. మా టెనర్లకు, అంటే పైగొంతుతో పాడే మగవాళ్లకు, ఒక పాట పట్టుబడాలంటే ఆరు వారాలు కావాలి మరి. మేం పద్నాలుగు మందిమి. బయట వాన, లోపల హీటర్, కిటికీలన్నీ మూసి రెండున్నర గంటలు గొంతెత్తి పాడతాం. పాడించేది నేను. పశ్చిమ గోదావరిలో మా నాన్నగారు చర్చిలో హార్మోనియం వాయించేవారు కాబట్టి స్వరం తప్పితే నాకు కోపం వస్తుంది. నా పేరు గ్రేస్ అయినా ఈ విషయంలో కృప తక్కువని మావాళ్లు ఏడిపిస్తుంటారు.

మూడో చరణం చివర ఒక పొడుగు స్వరం ఉంది. నేను ఎప్పుడూ అవలీలగా పట్టే స్వరం. ఆ రోజు అది సగంలో తెగి దగ్గు వచ్చింది. అందరూ ఆగిపోయారు. సుజాత లేచి వేణ్ణీళ్లు తెచ్చింది.

సుజాత మా సొప్రానో, అన్నిటికంటే పై స్వరాలు పాడేది. నాకంటే పదేళ్లు చిన్నది. భార్యాభర్తలిద్దరూ శాంటా క్లారా నుంచి ఉద్యోగం మారి వచ్చిన కొత్తలో మూడు వారాలు మా ఇంట్లోనే ఉన్నారు. అప్పటి నుంచి నన్ను అక్కా అంటుంది, నేనూ అలాగే అజమాయిషీ చేస్తాను. వాళ్ల పాప హన్నాకి అప్పుడు నాలుగున్నర నెలలు. ప్రాక్టీస్ జరుగుతున్నంతసేపూ పాప నా దగ్గరే ఉండేది. తల్లి పాడితే ఏడ్చేది, నేను గుండెకి హత్తుకుని పాడితే నిద్రపోయేది. దానికి నేనెంత మురిసిపోయేదాన్నో.

దగ్గు పోలేదు. సాయంత్రం అయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది, పొద్దున లేచేసరికి తలగడ తడిసి ఉండేది. మా ఆయన ప్రసాద్ అపాయింట్‌మెంట్ లేకుండా చూసే అర్జెంట్ కేర్ క్లినిక్‌కి తీసుకెళ్లాడు. ఎక్స్‌రే తీసి, కుడివైపు పైన చిన్న ప్యాచ్ ఉంది, న్యుమోనియా కావచ్చన్నారు. లెవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఏడు రోజులు ఇచ్చారు. ఏడో రోజుకి జ్వరం తగ్గింది, దగ్గు సగమైంది, ఆకలి వేసింది. ఆ వారంలోనే నేను చేయకూడని పని ఒకటి చేశాను.

సాక్ష్యం చెప్పాను.

చర్చికి వెళ్లేవాళ్లకి దీని గురించి చెప్పనక్కర్లేదు. మిగతావాళ్ల కోసం చెబుతాను. మాలో ఎవరికైనా జబ్బు చేస్తే వాట్సాప్ గ్రూపులో ప్రార్థన మనవి పెడతాం. తగ్గితే ఆదివారం ఆరాధనలో లేచి, దేవుడు ఎలా స్వస్థపరిచాడో అందరి ముందూ సాక్ష్యం చెబుతాం. మంచి ఆచారమే. తప్పు ఆచారానిది కాదు, నా తొందరది. ఫాలో-అప్ ఎక్స్‌రే తీయించుకోమని కాగితం మీద రాసి ఉన్నా పట్టించుకోకుండా మైకు పట్టుకున్నాను. న్యుమోనియా నుంచి పూర్తిగా విడుదల పొందానని చెప్పి ఒక చరణం కూడా పాడాను. హాలంతా స్తోత్రం అంది. సుజాత ముందు వరసలో పాప చేతులు పట్టుకుని చప్పట్లు కొట్టించింది.

రెండు వారాల్లో దగ్గు మళ్లీ వచ్చింది.

ఆ మందు టీబీని కొద్దిరోజులు అణచిపెట్టగలదని, చంపదని, తర్వాత డాక్టర్లు చెప్పారు. అప్పుడు నాకు తెలిసిందల్లా ఒక్కటే. దేవుడు బాగుచేశాడని అందరి ముందూ చెప్పి, మళ్లీ దగ్గుతున్నాను. ఏమని చెప్పను? ముందు నుయ్యి, వెనక గొయ్యి. హాల్స్ బిళ్లలు చప్పరిస్తూ ప్రాక్టీస్ నడిపించాను. బరువు తగ్గుతుంటే ఏం డైట్ చేస్తున్నావని ఆడవాళ్లు అడిగేవారు. ఇంటర్మిటెంట్ ఫాస్టింగ్ అన్నాను. ఇద్దరు నన్ను చూసి మొదలుపెట్టారు కూడా.

నేను మందుల కంపెనీలో క్వాలిటీ విభాగంలో పనిచేస్తాను. ఎక్కడైనా పొరపాటు జరిగితే అది ఎవరూ దాచకుండా కాగితం మీద పెట్టించడమే నా ఉద్యోగం. రాయనిది జరగనట్టే లెక్క, కాబట్టి అంతా రాయండి అని కొత్తగా చేరినవాళ్లకి పాఠం చెప్పేదాన్ని. ఈ మాట గుర్తుంచుకోండి, కాసేపట్లో నన్ను తిట్టుకోవడానికి పనికొస్తుంది.

నవంబర్ చివర్లో, థాంక్స్‌గివింగ్ పండగ తర్వాతి సోమవారం ఆఫీస్ పార్కింగ్‌లో కారు ఆపి దగ్గితే టిష్యూ మీద ఎర్రటి చార కనబడింది. లోపలికి వెళ్లలేదు. అక్కడి నుంచే మా డాక్టర్‌కి ఫోన్ చేశాను, ఆ మధ్యాహ్నమే రమ్మన్నారు. ఆవిడ నా ఊపిరితిత్తులు విని, పాత ఎక్స్‌రే తెప్పించి చూసి, నెమ్మదిగా రెండు ప్రశ్నలు అడిగారు. నువ్వు పుట్టింది ఎక్కడ? మీ ఇంట్లో ఎప్పుడైనా ఎవరికైనా టీబీ వచ్చిందా?

మా నాయనమ్మ అక్క ఆ జబ్బుతోనే పోయిందని విన్నాను. మా ఇంట్లో దాని పేరు ఎవరూ పలికేవారు కాదు. ఛాతీ జబ్బు అనేవారు, అదీ గొంతు తగ్గించి. డాక్టర్‌కి మాత్రం గుర్తులేదని చెప్పాను. వైద్యం చేసేవాళ్లతో అబద్ధాలు అక్కడే మొదలయ్యాయి.

సీటీ స్కాన్ చేశారు. కుడి లంగ్ పైభాగంలో కేవిటీ ఉందన్నారు, అంటే గుంట. మూడు రోజులు వరసగా కఫం పట్టి ఇమ్మన్నారు. స్మియర్ పాజిటివ్, అంటే కఫంలో టీబీ క్రిములు కనబడ్డాయని ఫోన్ వచ్చినప్పుడు వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్నాను. రిపోర్ట్ మా కౌంటీ, అంటే జిల్లా, హెల్త్ డిపార్ట్‌మెంట్‌కి వెళ్తుందని, ఇల్లు కదలొద్దని, ఎవర్నీ రానివ్వొద్దని చెప్పారు. మా అమ్మాయి కెజియా స్కూల్ నుంచి వచ్చేసరికి నేను పడకగదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాను. పదకొండేళ్ల పిల్ల తలుపు అవతల నిలబడి అడిగింది.

“అమ్మా, నువ్వు డై అవుతావా?”

లేదన్నాను. మందులుంటాయన్నాను. తలుపు తీయలేదు.

మర్నాడు కౌంటీ నర్సు వచ్చింది. పేరు మార్లీన్. అరవైకి దగ్గరగా ఉంటుంది, వానకోటు, ముఖానికి బిగుతైన మాస్క్. గుమ్మంలో ఆగి, కిటికీలు తెరవమని చెప్పి అప్పుడు లోపలికొచ్చింది. నాలుగు రకాల మాత్రలు చూపించింది. ఐసోనయాజిడ్, రిఫాంపిన్, పైరాజినమైడ్, ఇథాంబ్యుటాల్. ఒంట్లోంచి వచ్చే నీళ్లన్నీ ఆరంజ్ రంగులోకి మారతాయి, భయపడకు అంది. రోజూ మాత్రలు మింగుతూ ఫోన్‌లో వీడియో తీసి పంపాలి. నమ్మకం లేక కాదు, ఆరు నెలలు ఒంటరిగా మింగడం ఎవరికీ చేతకాదు కాబట్టి తోడుగా చూస్తామంది. నా హెచ్-వన్-బి గురించి అడిగాను. మా పని వైద్యం చేయడం, వీసా సంగతి మేం అడగం అంది. నేను పూర్తిగా నమ్మలేదు. మరుసటి సంవత్సరమే గ్రీన్ కార్డ్ మెడికల్ పరీక్ష ఉంటుందని మా లాయర్ చెప్పి ఉన్నాడు.

అప్పుడు మార్లీన్ ఒక ఫారం తీసింది. గత మూడు నెలల్లో నాతో ఒకే గదిలో ఎక్కువసేపు గడిపినవాళ్ల పేర్లు కావాలంది.

ప్రసాద్, కెజియా. ఆఫీస్‌లో పక్క సీటు అమ్మాయి. మా ఇంటికి వారానికొకసారి వచ్చే మ్యాథ్స్ ట్యూటర్. నాలుగు పేర్లు రాసి పెన్ను ఆపాను.

మార్లీన్ గోడ వైపు చూసింది. అక్కడ మడత కుర్చీలు పద్నాలుగు వరసగా ఆనించి ఉన్నాయి. పార్టీ ఏమైనా జరిగిందా అని అడిగింది. థాంక్స్‌గివింగ్‌కి అద్దెకి తెచ్చాం, తిరిగి ఇవ్వాలి అన్నాను. అంత సాఫీగా వచ్చింది అబద్ధం. చర్చికి వెళ్తారా అంటే పెద్ద హాలు, దూరందూరంగా కూర్చుంటాం అన్నాను. చివరగా అడిగింది.

“ఐదేళ్లలోపు పిల్లలు ఎవరైనా ఉన్నారా? ఎంత చిన్నవాళ్లైతే అంత ముఖ్యం.”

“లేరు” అన్నాను.

ఎందుకలా అన్నావని మీరు అడుగుతారు. నన్ను నేను ఇప్పటికీ అడుగుతుంటాను. సిగ్గు ఒకటి. వీసా భయం ఒకటి. అన్నిటికంటే ఎక్కువ, ఆ సాక్ష్యం. పదమూడు ఇళ్లకి నర్సు ఫోన్ చేస్తే, విడుదల పొందానని మైకులో పాడిన మనిషి పేరు ఏమవుతుంది? పాప బొద్దుగా, ఆరోగ్యంగా ఉంది కదా, ఏమీ కాదులే అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. ఆ రోజు గ్రూపులో పెట్టిన మనవి ఇది: న్యుమోనియా తిరగబెట్టింది, ప్రార్థించండి, ఎవరూ ఇంటికి రావద్దు. ప్రసాద్ అది చదివి, ఆ మెసేజ్ తెరిచి ఉన్న తన ఫోన్ నా గది గుమ్మం దగ్గర పెట్టి వెళ్లిపోయాడు. నా వైపు చూడలేదు.

నాలుగు రోజులు గడిచాయి. మాత్రలు మింగడం, వాంతి రాకుండా పడుకోవడం, ఫోన్‌లో పిల్లల టీబీ గురించి వెతకడం. వెతికిన ప్రతిసారీ ఒకటే మాట కనబడేది, మెనింజైటిస్. ఫోన్ బోర్లించి పెట్టేదాన్ని. కాసేపాగి మళ్లీ వెతికేదాన్ని.

నాలుగో రోజు సుజాత వచ్చింది. రావద్దంటే వినే మనిషి కాదు. మిరియాల చారు, మెత్తటి అన్నం డబ్బాల్లో పెట్టుకుని, పాపని ఛాతీకి కట్టుకుని వానలో గుమ్మం ముందు నిలబడింది. నేను మేడమీద కిటికీలోంచి చూశాను. లోపలికొచ్చి ప్రార్థన చేసి వెళ్తానని సైగ చేసింది. వద్దని చేతులు ఊపాను. మళ్లీ అడిగింది. నేను విసురుగా పరదా లాగేశాను. పరదా సందులోంచి చూస్తుంటే చిన్నబుచ్చుకున్న ముఖంతో డబ్బాలు కింద పెట్టింది. అప్పుడు పాప దగ్గింది. రెండుసార్లు. కిటికీ అద్దంలోంచి నాకు వినపడలేదు, ఆ చిన్న భుజాలు ఎగిరిపడటం మాత్రం కనబడింది.

ఆ చారు నేను తినలేకపోయాను.

మర్నాడు బ్లడ్ టెస్ట్‌కి మాస్క్ పెట్టుకుని కౌంటీ టీబీ క్లినిక్‌కి వెళ్లాను. పక్క తలుపు నుంచి రానిచ్చి, నన్నొక్కదాన్నే ఒక వరండాలో కూర్చోబెట్టారు. గోడ నిండా పాతకాలం టీబీ రోగుల ఫోటోలున్నాయి. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలానివి. ఆరుబయట చూరు కింద వరసగా మంచాలు, మెడదాకా దుప్పట్లు కప్పుకున్న ఆడవాళ్లు. తోలుసంచీ పట్టుకుని బురదలో నడుస్తున్న నర్సు. చెక్క మిల్లు పక్కన చిన్న ఇల్లు, గుమ్మంలో తల్లి, ఆమె వెనక దాక్కున్న పిల్లలు. ఆ పక్కనే ఫ్రేమ్‌లో ఒక అట్ట కార్డు ఉంది. ఇంట్లో ఎవరెవరున్నారో అప్పటి నర్సులు ఇంటికొకటి రాసేవారట.

నా ఉద్యోగం కాగితాలు చదవడం కాబట్టి అలవాటుగా చదివాను. ఇంటిపేరు కనబడకుండా చెరిపేశారు. భర్త, మిల్లు పని. భార్య, జబ్బు మనిషి. అత్తగారు. అద్దెకున్న ఒక మనిషి. కింద వేరే రంగు సిరాతో ఇంకో వరస ఉంది: చంటిబిడ్డ, పొరుగింట్లో ఉంచారు, మూడోసారి వెళ్తే గానీ చెప్పలేదు.

ఆ వరస దగ్గర కళ్లు ఆగిపోయాయి. మార్లీన్ వచ్చి పక్కన నిలబడినా కదల్లేకపోయాను. ఆ తల్లి ఎందుకు చెప్పలేదని అడిగాను. అప్పట్లో చెబితే బిడ్డని వేరే చోటికి తీసుకెళ్లిపోతారని భయపడేవారని, నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి తల్లికి చూపించేవారు కాదని చెప్పింది. ఆ భయం అబద్ధం కూడా కాదంది.

“అప్పుడు మందు లేదు. ఎండ, గాలి, పాలు, మంచం. నర్సు చేతిలో నిజంగా ఉన్నది ఈ లిస్ట్ ఒక్కటే. కార్డు మీద పేరుంటే ఆ బిడ్డని వెళ్లి చూసేవారు. లేకపోతే లేదు.”

“ఆ బిడ్డ ఏమైంది?”

“కార్డులో లేదు. నేనూ వెతికాను” అంది.

ఆ తల్లికి పిల్లని లాక్కుపోతారన్న భయం, మందు లేని కాలం. నాకేముంది? నాలుగు రంగుల మాత్రలు చేతిలో పెట్టారు, నా పిల్ల నా ఇంట్లోనే ఉంది. నా పరువు కోసం నేను దాస్తున్నది నా బిడ్డని కూడా కాదు, ఇంకొకరి బిడ్డని.

“ఒక పాప ఉంది” అన్నాను.

మార్లీన్ తిట్టలేదు, ఆశ్చర్యపోలేదు. కుర్చీ లాక్కుని పెన్ను తీసింది. వయసెంత అంది. ఇంకో వారంలో ఏడు నెలలు నిండుతాయన్నాను. ఎంతసేపు ఎత్తుకున్నావు అంది. శనివారం శనివారం రెండు గంటలకు పైగా, పది వారాలు, పాడుతూ అన్నాను. ఎంత దగ్గరగా అని అడిగితే నా ఛాతీ మీద చెయ్యి పెట్టి చూపించాను. ఆవిడ పెన్ను ఒక్క క్షణం ఆగి మళ్లీ కదిలింది.

“ఈ రోజే చూస్తాం. మిగతా పేర్లు కూడా చెప్పు.”

పదమూడు పేర్లూ చెప్పాను. స్పెల్లింగులతో సహా. మా ఇంటికి పిల్లల్ని తీసుకొచ్చేవాళ్ల పేర్లూ చెప్పాను. నా పేరు బయటపెట్టకుండానే వాళ్లకి ఫోన్ చేస్తారట, అది వాళ్ల నియమం. సుజాతకి మాత్రం ముందు నేనే చెబుతానన్నాను. అయితే గంటలోపు చెప్పమంది.

కారులో కూర్చుని ఫోన్ చేశాను. సుజాత ఆఫీస్ మీటింగ్‌లోంచి బయటికొచ్చి, చారు తిన్నావా అక్కా అనడిగింది. నాకు టీబీ అని చెప్పాను. పాపని ఈ రోజే చూపించాలని, గంటలో నర్సు ఫోన్ చేస్తుందని చెప్పాను. ఎన్ని రోజులైంది తెలిసి అని అడిగింది. ఐదు అన్నాను.

“నువ్వు సాక్ష్యం చెప్పినప్పుడు నా పిల్ల చేతులు పట్టి చప్పట్లు కొట్టించానక్కా” అంది. “నిన్న పరదా వేసేసుకున్నావే, అప్పుడైనా చెప్పొచ్చు కదా. కిటికీ తీసి అరిచినా వినేదాన్ని.”

క్షమించమన్నాను. ఇప్పుడు కాదు అని ఫోన్ పెట్టేసింది.

హన్నాకి చేతి చర్మంలోకి సూదివేసి చూసే స్కిన్ టెస్ట్ చేశారు, ఛాతీకి రెండువైపులా ఎక్స్‌రే తీశారు. దగ్గు డేకేర్‌లో అంటుకున్న మామూలు జలుబేనట. ఎక్స్‌రే క్లియర్, మూడో రోజున స్కిన్ టెస్ట్ కూడా నెగటివ్. నేను ఊపిరి పీల్చుకోబోయాను, మార్లీన్ పీల్చుకోనివ్వలేదు. ఒంట్లోకి పోయినా టెస్ట్‌లో కనబడటానికి ఎనిమిది నుంచి పది వారాలు పట్టొచ్చంది. ఇంత చిన్నపిల్లల్లో ఈ జబ్బు ఆగి చూడదు, తలలోకి ఎక్కగలదు, అందుకే రెండో టెస్ట్ దాకా ముందుజాగ్రత్తగా రోజూ మందు పోయాలంది. పిల్లల డాక్టర్ కూడా అదే చెప్పారట. సుజాత నాకు ఈ సంగతులేవీ చెప్పలేదు. వాళ్లాయన ప్రసాద్‌కి మెసేజ్ పెట్టేవాడు, ప్రసాద్ నా గుమ్మం అవతల నిలబడి చదివేవాడు.

ఆ పది వారాలు ఎలా గడిచాయని అడక్కండి. క్రిస్మస్ గదిలోనే అయిపోయింది. క్వయర్ లేకుండానే ఆరాధన జరిగింది, నేను ఫోన్‌లో చూశాను. నా కఫం మూడుసార్లు క్లీన్ రావడానికి ఐదు వారాలు పట్టింది. జనవరిలో గది బయటికొచ్చి కెజియాని వాటేసుకుంటే, ఆ పిల్ల ఊపిరి బిగపట్టింది. అలా చేయమని ఎవరూ చెప్పలేదట, తనే నేర్చుకుంది. రోజూ వీడియో తీసేది మాత్రం అదే. నేను మాత్ర మింగుతూ కెమెరాలోకి నవ్వితే, “మమ్మీ, డోంట్ యాక్ట్, జస్ట్ మింగు” అనేది.

ప్రసాద్ బ్లడ్ టెస్ట్ పాజిటివ్ వచ్చింది, జబ్బు లేదు, నిద్రపోతున్న టీబీ అన్నారు. నాలుగు నెలలు మందు వాడాడు. కెజియాకి రెండుసార్లూ నెగటివ్. క్వయర్‌లో ఇద్దరికి పాజిటివ్ వచ్చింది, వాళ్లకీ మందే. కింది గొంతు, బేస్, పాడే పెద్దాయన ఒకరు, నలభై ఏళ్లుగా పాడుతున్నాం, క్వయర్‌లో ఇలాంటివి ఎప్పుడూ లేవన్నారట. ఆ పాజిటివ్ వచ్చినవాళ్లలో ఆయనొకరు. అది నాదో, చిన్నప్పుడు ఊళ్లో అంటిందో ఎవరూ చెప్పలేరని మార్లీన్ అంది. నేను మాత్రం నాదే అనుకున్నాను.

ఫిబ్రవరిలో నా కళ్లు పచ్చబడ్డాయి. లివర్ ఎంజైమ్స్ పెరిగాయి, మాత్రలన్నీ ఆపేశారు. మందు ఆపితే ఎలా అని నేను క్లినిక్‌లో ఏడిచాను. లివర్ కూడా మనకి కావాల్సిందే కదా అన్నారు డాక్టర్. మూడు వారాలాగి ఒక్కొక్కటిగా మళ్లీ మొదలుపెట్టి, ఒకటి మానేసి, మొత్తం కోర్సు తొమ్మిది నెలలకి పొడిగించారు. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకున్నానని నన్ను నేను తిట్టుకున్నాను.

నా కళ్లు పచ్చబడిన వారంలోనే హన్నా రెండో టెస్ట్ జరిగింది. చిన్న చేతి మీద ఎర్రగా పొంగింది. పాజిటివ్.

ఈసారి సుజాతే ఫోన్ చేసింది. రెండు నెలల తర్వాత విన్నాను ఆ గొంతు. ఎక్స్‌రే మళ్లీ తీశారని, ఏమీ లేదని, లోపలికి పోయింది గానీ జబ్బుగా మారలేదని చెప్పింది. మందు అప్పటికే పడుతోంది కాబట్టి దాన్నే పూర్తి కోర్సు చేస్తారట. రెండు నెలలు ముందే మొదలుపెట్టడం మంచిదైంది, ఈ వయసులో అదే తేడా, అన్నారట డాక్టర్.

“ఇంకో నెల చెప్పకపోయుంటే ఏమయ్యేదో నేను అడగలేదక్కా” అంది. “నువ్వు కూడా అడక్కు. నాకు ఆ జవాబు వద్దు.”

ఈస్టర్ తర్వాత చర్చికి వెళ్లాను. పాస్టర్ గారికి ఫోన్ చేసి, సాక్ష్యం చెప్పాలి అన్నాను. ఆయన మంచివారు. ఊపిరితిత్తుల బలహీనత అని చెబితే చాలమ్మా, జబ్బు పేరు దేవుడికి తెలుసు అన్నారు. దేవుడికి తెలుసు గానీ పక్కన కూర్చున్నవాళ్లకి తెలియదు కదండీ అన్నాను. మైకు ముందు నిలబడి, పోయిన అక్టోబర్‌లో ఇక్కడ నేను చెప్పిన సాక్ష్యం తప్పు అని మొదలుపెట్టాను. నాది టీబీ. తగ్గకముందే తగ్గిందన్నాను. తెలిశాక ఐదు రోజులు ఒక పసిబిడ్డ పేరు దాచాను. ఇంతే చెప్పాను. పాడలేదు. ఎవరూ స్తోత్రం అనలేదు. నా కుర్చీకి తిరిగి వెళ్లేంతసేపూ నా చెప్పుల చప్పుడే వినపడింది.

భోజనాల దగ్గర నా బల్ల చుట్టూ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. అప్పటికి నా వల్ల ఎవరికీ ప్రమాదం లేదని చెప్పినా ఖాళీగానే ఉన్నాయి. కోపం రాలేదంటే అబద్ధం. చివర్లో ఒకావిడ ప్లేటు పట్టుకుని వచ్చి కూర్చుంది. తన భర్త నెలన్నరగా దగ్గుతున్నాడని, ఇండియా వెళ్లొచ్చాక మొదలైందని, ఎవరికి చూపించాలని మెల్లగా అడిగింది. నాప్‌కిన్ మీద క్లినిక్ నంబర్ రాసిచ్చాను. ఆయనకి టీబీ కాదట, ఆస్తమా. ఆవిడ ఇప్పుడు ప్రతి ఆదివారం నా పక్కనే కూర్చుంటుంది.

మందులు పోయిన సెప్టెంబర్‌లో అయిపోయాయి. చివరి వీడియో తీసిన రోజు కెజియా ఫోన్ కింద పెట్టి నన్ను వాటేసుకుంది, మామూలుగా ఊపిరి తీసుకుంటూనే. లంగ్‌లో గుంట ఉన్నచోట మచ్చ మిగిలింది. ఆ పొడుగు స్వరం ఇప్పుడు మధ్యలో ఒకసారి ఊపిరి తీసుకుంటే గానీ పూర్తికాదు. గ్రీన్ కార్డ్ మెడికల్‌కి మార్లీన్ ఇచ్చిన కోర్సు పూర్తి చేసిన కాగితం తీసుకెళ్లాను, డాక్టర్ చూసి ఫైల్లో పెట్టుకున్నారు. ఏడాదంతా నేను వణికింది ఆ రెండు నిమిషాల పని కోసం.

క్వయర్ ఇప్పుడు చర్చి హాల్లో కిటికీలు తెరిచి పాడుతుంది. అందరూ కోట్లు వేసుకుని కూర్చుంటారు, చలికి స్వరం నిలవడం లేదని టెనర్లు ఫిర్యాదు చేస్తారు. కిటికీలు మూసినప్పుడూ వాళ్లకి నిలిచింది లేదు. సుజాత మళ్లీ పాడుతోంది, కానీ పాపని వాళ్లాయన దగ్గర ఇంట్లో వదిలి వచ్చేది. పోయిన శనివారం ఆయనకి ఏదో పనిబడి పాపని తెచ్చింది. ఏడాదిన్నర పిల్ల, నడక వచ్చింది, ఎక్కడా నిలవదు. కీబోర్డు వైర్లు దాటుకుంటూ వచ్చి నా మోకాలు పట్టుకుని చేతులు పైకి చాచింది. నేను చేతులు వెనక్కి పెట్టుకుని సుజాత వైపు చూశాను. తను పాటల కాగితంలోంచి తల ఎత్తలేదు.

“ఎత్తుకో అక్కా” అంది. “ఆ వైర్లు పీకేస్తది.”

ఎత్తుకున్నాను. పాప ముఖం బయటివైపు తిప్పి పట్టుకుని పాడించాను. నా వల్ల ప్రమాదం లేదని తెలిసినా ఆ జాగ్రత్త ఇక మారదనుకుంటాను.

ఇది చదివేవాళ్లకి ఒక్క మాట. నర్సు వచ్చి లిస్ట్ అడిగిన రోజున, ఇంట్లోవాళ్ల పేర్లు ఎలాగూ రాస్తారు, వాటి గురించి దిగుల్లేదు. ఎవరి పేరు దగ్గర మీ చెయ్యి ఆగుతుందో, ఆ పేరు మొదట రాయండి.